సర్దుకున్న బొమ్మ

గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. ఎవరూ ముట్టుకోవడం లేదు.

పాలరంగు గుడ్డ. పాతదే కానీ నిగారింపు పోలేదు. భుజం దగ్గర కోత బాగానే వచ్చింది. చంక దగ్గరికి వచ్చేసరికి కత్తెర లోపలికి దిగిపోయింది. తెగిన ముక్క పక్కన విడిగా పడుంది.

గుడ్డ తెచ్చిన మనిషి కుర్చీ అంచున కూర్చుంది. కోళ్ళఫారంలో పని ఆమెది. ఇంట్లో అందరూ ఫారం అక్క అంటారు. ఇన్నాళ్ళూ ఫోనులో గొంతు వినడమే గానీ, మనిషి ఈ గడప తొక్కడం ఇదే మొదలు. పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మా అమ్మ దాచిన గుడ్డ," అంది. "అమ్మ పోయాక పెట్టె అడుగున దొరికింది. పిల్లకి గౌను కుడదామనుకున్నాను. మీరు గీసినట్టే గీశాను టీచరమ్మా. గీత మీదే కోశాను."

టీచరమ్మ అంటే ఈ ఇంటి పెద్దకోడలు. బల్ల మీద గుడ్డ పరిచి, గీసి, కోసి చూపిస్తుంది. ఎక్కడెక్కడో ఉన్న ఆడవాళ్ళు ఫోన్లలో చూసి నేర్చుకుంటారు.

"ఏ గీత మీద అక్కా?"

"ఏ గీతేంటి. ఉన్నది ఒక్కటేగా."

పెద్దకోడలు తల దించుకుంది. తను గీసింది రెండు. లోపలిది కుట్టు గీత, బయటిది కోత గీత. మధ్యలో వేలెడు గుడ్డ వదలాలి. బట్టకి ప్రాణం ఆ వేలెడే. ఈమె కుట్టాల్సిన చోట కోసుకుంది.

"విన్నావా?" అన్నాడు పెద్దకొడుకు, తమ్ముడి వైపు తిరిగి. బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు అతను. ఈ పూట సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. "రెండు గీతలు కలిసి ఒకటయ్యాయట. అంతా నీ యంత్రం మహిమ."

తమ్ముడు కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ముప్పై దాటినా ఇంట్లో బుడ్డోడే. క్లాసు నడిచే యాప్ వాడు రాసిందే.

"నా దాంట్లో తప్పు లేదన్నయ్యా."

"నీ దాంట్లో ఎప్పుడుంది గనక. గుడ్డలో ఉంటుంది. కత్తెరలో ఉంటుంది. లేకపోతే ఈమె కళ్ళల్లో ఉంటుంది."

"నా కళ్ళకేం బాబూ," అంది ఫారం అక్క. "గుడ్డు దీపం ముందు పెడితే లోపల నెత్తురు చుక్క ఉందో లేదో చెప్పేస్తాను. ఫారంలో ఆ పని నాదే."

బుడ్డోడు కంప్యూటరులోంచి తల ఎత్తలేదు.

"నెల్నించీ ఇదే పాట," అన్నాడు పెద్దకొడుకు. "ఒకామెకి చెయ్యి ఎక్కలేదు. ఒకామెకి మెడ పట్టలేదు. ఇవాళ ఈమె. మధ్యాహ్నం క్లాసు మా మేనేజరు తన గదిలో కూర్చుని చూస్తానన్నాడు. చూసి ఫోను చేస్తాడు. ఫోనులో ఇలాంటి మసక బొమ్మే కనిపిస్తే ఇక మాటల్లేవు. క్లాసు ఎత్తి ఫ్యాక్టరీలో పెట్టేస్తాం."

"ఫ్యాక్టరీ వాళ్ళ యాప్‌లో పాత ఫోన్లు పని చెయ్యవు. సగంమంది గుమ్మం బయటే ఉండిపోతారు."

"మిగతా సగమన్నా గుడ్డ తగలేసుకోకుండా నేర్చుకుంటారు."

"నా ఫోను పని చేస్తుందా?" అనడిగింది ఫారం అక్క.



గోడవార కూర్చుని గుండీలు కుడుతున్న అత్తగారు పంటితో దారం తెంపింది. "నువ్వు వాళ్ళకి మాటిచ్చేశావట్రా పెద్దోడా?"

"దాదాపు ఇచ్చాను."

"దాదాపు మునిగానంటే గట్టు మీదున్నట్టా, నీళ్ళల్లో ఉన్నట్టా?"

"అమ్మా, నువ్వు గుండీలు కుట్టుకో."

పెద్దకోడలికి ఒక మాట నోటిదాకా వచ్చింది. ఆ ఫ్యాక్టరీకి పోయి పాఠం చెప్పాల్సింది నేను కదా అని. వచ్చిన దారినే వెనక్కి పోయింది. కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఆమె మాటలు చాలావరకు అలాగే పోతున్నాయి.

బుడ్డోడు లేచాడు. ఫారం అక్క ముందు చతికిలబడ్డాడు.

"అక్కా, నీ ఫోను ఒకసారి ఇస్తావా?"

ఇచ్చింది. కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

"నీకు ఈ క్లాసు ఎలా వస్తుందో తెలుసా? ఈ ఇంటి నుంచే అందరికీ పోదు. మా ఇంటి నెట్టు లైనుకి అంత ఓపిక లేదు. ఇక్కణ్ణుంచి నలుగురికి పోతుంది. వాళ్ళ ఫోన్లు పక్కవాళ్ళకి ఇస్తాయి. వాళ్ళు ఇంకొకళ్ళకి. పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకున్నట్టు. ఇస్తే తరిగేది కాదు."

"ఆఁ."

"బొమ్మని చిన్నచిన్న ముక్కలు చేస్తాను. ప్రతి ముక్కా మూడు సైజుల్లో ఉంటుంది. టీవీ ఉన్నవాళ్ళు పెద్దది తీసుకుంటారు. మామూలు ఫోనుకి మధ్యది. మరీ పాత ఫోనుకి చిన్నది. ఏది ఎంత మొయ్యగలిగితే అంత."

"రెడీమేడ్ చొక్కాల్లాగ."

"అదే. ఎవరి ఒంటికి తగ్గది వాళ్ళకి."

"మరి నాకెందుకు బిగుతైంది?"

"అది తెలియకే చస్తున్నాను. రాసిందంతా చెరిపి మళ్ళీ రాశాను. అన్నం తింటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే."

"స్నానం చేశాడట్రా," అంది అత్తగారు గుండీతో.

బుడ్డోడు ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మొహం మారింది.

"అక్కా, ఇది పెద్దదే మొయ్యగలదు. కొత్త ఫోనే ఇది."

"మా ఆయన పోయినేడు కొన్నాడు."

"చిన్న సైజు మీద పెట్టి ఉంది. దానంతటది పెట్టుకోలేదు. చేత్తో పెట్టారు. ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎందుకు?"

"ఎందుకేంటి బాబూ. నెల కిందట ఒకరోజు బొమ్మ ఆగిపోతుంటే టీచరమ్మ చెప్పింది కదా. వెనకున్న వాళ్ళకి అందటం లేదట, అందరూ కాస్త సర్దుకోండి అని. సర్దుకున్నాను." ఆ మాట అంటుంటే ఆమె వెన్ను నిటారుగా అయింది. "నాకేం, ఎలాగో చూసుకుంటాను. ఇంకొకళ్ళకి అందితే అదే చాలు."



"మిగతావాళ్ళు?" అన్నాడు బుడ్డోడు. గొంతు చిన్నదైంది.

"అందరూ సర్దుకున్నారు. లిఫ్టు నడిపే చెల్లెలయితే అందరికంటే ముందు. ఆమెకి గోడంత టీవీ ఉంది. అది కట్టేసి వాళ్ళ అత్త ఫోనులో చూస్తోంది. మంచి పిల్ల."

బుడ్డోడు నేల మీదే వెనక్కి వాలాడు. పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఏమైంది బాబూ, తప్పు చేశానా?"

"నీ దగ్గర చిన్నదుంటే నువ్వు పక్కవాళ్ళకి ఇచ్చేదీ చిన్నదే అక్కా. వాళ్ళ దగ్గరా చిన్నదే. వాళ్ళ పక్కవాళ్ళకీ చిన్నదే. పెద్దది ఈ ఇల్లు దాటి బయటికే పోలేదు. నువ్వు తగ్గించుకుంటే ఇంకొకళ్ళకి పెరగదు. అందరికీ తగ్గుతుంది."

ఫారం అక్క తన ఫోను వెనక్కి తీసుకుంది.

"అయితే మేమందరం ఎవరికోసం సర్దుకున్నాం?"

"ఎవరికోసమూ కాదు."

ఆమె బల్ల మీది గుడ్డ వైపు చూసింది. ఆ మనిషి ఆ ఇంట్లో కళ్ళు తుడుచుకోవడం అప్పుడే మొదలు.

"నేను అనుకున్నది ఒకటే," అన్నాడు బుడ్డోడు పైకప్పుతో. "ఎవరికి కావలసింది వాళ్ళు అడుగుతారు అనుకున్నాను. మొత్తం దాని మీదే కట్టాను."

"ఆడవాళ్ళు అడుగుతారనుకున్నాడు," అంది అత్తగారు. "ఏ ఇంట్లో పెరిగాడో మరి."

పెద్దకొడుకు నవ్వాడు. నవ్వులా లేదు.

"అయితే తప్పు వీడిది కాదు. నీది," అన్నాడు భార్యతో.

"నాదే."

"నాదే అంటే సరిపోయిందా? నెల్నించీ వీణ్ణి తిడుతున్నాను. వీడు నా మీద విసుక్కుంటున్నాడు. నువ్వు మధ్యలో నిలబడి చూస్తున్నావు."

"అలా చెప్పానని గుర్తే లేదండీ. ఏదో నోటికొచ్చింది. సర్దుకోండి అని. రోజూ అనే మాటే కదా."

బుడ్డోడు లేచి కూర్చున్నాడు. కోపం వాడికి ఆలస్యంగా వస్తుంది. వస్తే పోదు.

"నా ఎదురుగా కూర్చుని గుండీల రంధ్రాలు కుట్టావు వదినా. నేను జుట్టు పీక్కుంటుంటే చూశావు. ఒక్కసారన్నా, ఏంట్రా నీ బాధ అని అడగలేదే. అడిగితే అక్కడే తేలిపోయేది."

"పనిలో ఉన్నావు. మధ్యలో ఎందుకులే అనుకున్నాను."

"అదీ సర్దుకున్నావా?"

పెద్దకోడలు మొహం గోడ వైపు తిప్పుకుంది. మరిది ఆమెని ఒక మాట అనడం ఎప్పుడూ లేదు.

"వాణ్ణేం అనకు," అన్నాడు పెద్దకొడుకు. ఆమె వాణ్ణి ఏమీ అననే లేదు.

"నువ్వూ ఊరుకోరా," అంది అత్తగారు బుడ్డోడితో. "నీకేం తెలుసు దీని బాధ. చిన్నప్పట్నుంచీ నువ్వు పెద్ద ముక్కే తీసుకున్నావు. అడక్కుండానే."

*

మధ్యాహ్నం క్లాసు వేళకి ఆ ఇంట్లో ఎవరితో ఎవరూ మాట్లాడటం లేదు.

బల్ల పైన ఇనప కడ్డీకి కెమెరా కట్టి ఉంది. నిలువుగా కిందికి చూస్తుంది. దానికి కనబడేది బల్ల, గుడ్డ, ఆమె చేతులు. అంతే. మొదట్లో ముఖం కూడా పెడతానన్నాడు బుడ్డోడు. నా ముఖం ఎందుకులే అంది ఆమె.

ఒక్కొక్కరే ఫోన్లలో క్లాసుకి వచ్చారు. మనుషుల కంటే ముందు చప్పుళ్ళు వచ్చాయి. ఎవరింట్లోనో పంపు తిరుగుతోంది. ఎవరి ఒళ్ళోనో పిల్లాడు ఏడుస్తున్నాడు. లిఫ్టు తలుపు మూసుకున్న గంట. లిఫ్టు నడిపే ఆవిడ ఇంటికి పోకుండా పని దగ్గర్నుంచే చూస్తోంది ఇవాళ.

బల్లకి అవతల పెద్దకొడుకు నిలబడ్డాడు. ఫోను చేతిలోనే ఉంది.

"అందరూ వినండి," అంది పెద్దకోడలు. "గీత గీసే ముందు ఒక పని ఉంది. బొమ్మ సైజు మార్చండి. మీ ఫోను ఎంత మొయ్యగలిగితే అంత పెట్టుకోండి."



"మాకిది చాలులెండి టీచరమ్మా," అంది ఒకామె.

"చాలదు. ఇప్పుడు నేను గీశాను చూడండి. రెండు గీతలు కనబడుతున్నాయా?"

"ఒకటి కనబడుతోంది. రెండోది ఊహించుకుంటాం."

బుడ్డోడు నెత్తి కొట్టుకున్నాడు.

"ఊహించుకుని కొయ్యకూడదమ్మా. పెద్దది పెట్టుకోండి."

"ముందు వాళ్ళని పెట్టుకోమనండి. తర్వాత మేం చూస్తాం."

"వాళ్ళంటే ఎవరు?"

"అదే, మిగతావాళ్ళు."

"లిఫ్టు చెల్లీ, నువ్వు పెట్టుకో. రేపట్నుంచి ఇంట్లో టీవీలోనే చూడు."

"బాగోదు టీచరమ్మా. అందరూ ఫోనులో చూస్తుంటే నేనొక్కదాన్నే టీవీ పెట్టుకుని కూర్చోనా? ఏమనుకుంటారు?"

"ఎవరేమనుకుంటారు?"

"అందరూను."

పెద్దకోడలి చేతిలో సుద్ద రెండు ముక్కలైంది. గొంతు పెంచడం ఆమెకి రాదు. రాని పని చెయ్యబోతే గొంతు పగిలినట్టు వచ్చింది. "నేను చెప్పింది తప్పు. సర్దుకోమనడం నా తప్పు. దానికి ఇంకెన్నాళ్ళు సర్దుకుంటారు?"

 టీచరమ్మకి కోపం వచ్చిందని అందరూ ఇంకాస్త తగ్గి కూర్చున్నట్టుంది.

అప్పుడు ఫారం అక్క కుర్చీలోంచి లేచింది. బల్ల దగ్గరికి వచ్చి, తన గుడ్డని తనే కెమెరా కింద పరిచింది. తెగిన ముక్క పక్కనే పెట్టింది.

"నేను ఫారం అక్కని," అంది తన ఫోనులో. "టీచరమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఇది మా అమ్మ గుడ్డ. ఏమైందో కనబడుతోందా?"

"ఏదో తెల్లగా ఉంది."

"బాగానే ఉంది కదక్కా. మెత్తగా కనబడుతోంది."

"చంక దగ్గర చూడండి."

"చంక ఎక్కడ?"

"చంక లేదు. అదే చెబుతున్నాను. నేను కోసేసుకున్నాను. మీరందరూ దాన్ని చూస్తూ, బాగుంది అంటున్నారు."

 ఏడుస్తున్న పిల్లాణ్ణి ఎవరో ఊరుకోబెట్టారు.

"నేను పెద్దది పెట్టేస్తున్నాను," అంది ఫారం అక్క. "మీ ఇష్టం."

"ఎక్కడ నొక్కాలక్కా?" అంది లిఫ్టు ఆవిడ.

తర్వాత ఒకామె. తర్వాత ఇంకొకామె. బుడ్డోడి కంప్యూటరులో ఒక్కో ఫోనుకీ ఒక్కో చుక్క. ఆ చుక్కలు ఒకటొకటే రంగు మారుతున్నాయి.  పాత ఫోన్లు చిన్నదాని దగ్గరే ఉండిపోయాయి. వాటి తాహతు అంతే. మిగతావి పైకి పోతున్నాయి.

అంతలో అందరి బొమ్మా ఆగిపోయింది.

"టీచరమ్మా, బిగుసుకుపోయింది."

"నాదీ అంతే. గుండ్రంగా తిరుగుతోంది."

"తిరగనివ్వండి," అన్నాడు బుడ్డోడు పెద్దగా. "ఇక్కడి లైను సన్నం. పెద్దది ముందు నలుగురికి చేరాలి. వాళ్ళ నుంచి మిగతావాళ్ళకి పాకాలి. కాసేపు ఆగుతుంది. ఎవరూ వెనక్కి తగ్గొద్దు."

"నేను తగ్గించేస్తాలే బాబూ, మీకు ఇబ్బందైతే."

"తగ్గించకండమ్మా."

"కాదులే, మాకు అలవాటే."

"దండం పెడతాను, తగ్గించకండి."

ఆ రోజూ ఇలాగే ఆగింది. ఆ రోజు పెద్దకోడలు ఓర్చుకోలేక సర్దుకోండి అంది. ఇవాళ పెదవి కరిచి పట్టుకుంది.

పెద్దకొడుకు ఫోను మోగింది.

"ఎత్తకన్నయ్యా. కొంచెం ఆగు," అన్నాడు బుడ్డోడు.

ఎత్తాడు.

"ఆఁ సార్. చూస్తున్నారా సార్. ఆగిపోయిందా? అవును సార్, నేను ముందే చెప్పాను కదా. ఇంటి పని ఇంటి పనే సార్." కాసేపు విన్నాడు. "ఆమెకా? ఆమె ఏమంటుంది సార్. ఆమెకీ ఇష్టమే."

గుండీ డబ్బా మూత పెట్టబోతున్న అత్తగారి చెయ్యి అక్కడే ఉండిపోయింది.

పెద్దకోడలు సుద్ద ముక్కలు పక్కన పెట్టింది. బల్ల మీదుగా, గుడ్డ మీదుగా, మొగుడి వైపు చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వండి."

అతను అర్థం కానట్టు చూశాడు.

"ఫోను. నేను మాట్లాడతాను."

అతను తల అడ్డంగా ఊపాడు. మాట్లాడుతున్నాను కదా అన్నట్టు వేలు చూపించాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. అరచెయ్యి పైకి ఉంది. వేళ్ళ సందుల్లో సుద్ద పొడి.  

"ఆఁ సార్, లైన్లోనే ఉన్నాను," అన్నాడు అతను. 

"వచ్చింది," అంది ఫారం అక్క తన ఫోను చూసుకుంటూ.

"నాకూ వచ్చింది. అబ్బ, పోగులు కూడా కనబడుతున్నాయే."

"రెండు గీతలు. నిజంగా రెండున్నాయి."

"చంక ఎక్కడ తెగిందో ఇప్పుడు తెలిసిందక్కా. అయ్యో."

"టీచరమ్మ బొటనవేలు చూడండి. కత్తెర పట్టిపట్టి కాయ కట్టింది. ఇన్నాళ్ళూ కనబడనే లేదు."

 అందరి ఫోన్లలోనూ ఒక్కటే ఉంది. కోసిన గుడ్డ మీదుగా చాపిన చెయ్యి. దాన్ని మేనేజరు కూడా చూస్తున్నట్టుంది. పెద్దకొడుకు చెవి దగ్గర ఫోనులో అవతలి మాట ఆగిపోయింది.

లిఫ్టు గంట ఒకసారి మోగింది.

"టీచరమ్మా," అంది లిఫ్టు ఆవిడ. "చెయ్యి అలాగే చాపి ఉంచారు. మీకేం కావాలమ్మా?"